మెయిలు దిగిన నాన్న

మా పై అంతస్తులో ఉండే కుర్రవాడు పెద్ద ఉద్యోగం వదిలేసి, పార్వతీపురం అవతల ఏదో చిన్న ఊళ్ళో తేనె వ్యాపారం పెట్టుకుంటానని బయల్దేరాడట. ఈ కబురు మోసుకొచ్చింది వాళ్ళమ్మే. పొద్దున్నే వచ్చి నా ఎదురుగా కుర్చీలో కూలబడి, వీడికి ఎవరో చేతబడి చేశారు పిన్నిగారూ, మీరైనా నాలుగు మంచి మాటలు చెప్పండి అని కళ్ళొత్తుకుంది. నేనిచ్చిన కాఫీ చల్లారిపోయింది. ఆవిడ చెబుతూనే ఉంది, నేను ఊఁ కొడుతూనే ఉన్నాను, కానీ నా మనసు ఆవిడ దగ్గర లేదు. అది ఎప్పుడో లేచి, రైలెక్కి, విజయనగరం దాటి, కొండలూ సొరంగాలూ దాటి, నా పదో ఏటి రాయపూరులో దిగిపోయింది. ఆవిడ వెళ్ళిపోయాక కూడా నేను కుర్చీలోంచి లేవలేదు. ఈ వయసులో మనకిదొక జబ్బు కదా, ఎవరు ఏ మాటన్నా దాని వెనక తలుపొకటి తెరుచుకుంటుంది, వెళ్ళినవాళ్ళం ఒక పట్టాన తిరిగిరాము.

నాన్న మెయిలు డ్రైవరు. ఇప్పటి పిల్లలకు ఈ మాట చెబితే, బండి నడిపేవాడేగా, అంటారు. మన కాలం వాళ్ళకు విడమరిచి చెప్పనక్కరలేదు. బొగ్గు పారతో మొదలుపెట్టి, షంటింగు చేసి, గూడ్సు తోలి, పాసింజరు తోలి, తల నెరిసే వేళకు గాని ఆ మెయిలు మెట్టు అందేది కాదు. వాల్తేరు రైల్వే కాలనీలో మా నాన్న నడిచి వెళుతుంటే అరుగుల మీద కూచున్నవాళ్ళు లేచి నిలబడేవారు. ఆయన నల్ల సెర్జి కోటుకి ఇత్తడి బొత్తాలు ఉండేవి, వాటిని చింతపండు వేసి తోమడం నా పని. ఆయన బండి యార్డులోకి వస్తూ వేసే కూత వేరు. సన్నగా మొదలై, బారుగా సాగి, చివర కాస్త వంపు తిరిగేది. అది వినగానే అమ్మ పొయ్యి మీద నీళ్ళు పెట్టేది. దసరాకు నాన్న ఇంజనుకి అరటి పిలకలు కట్టి, బంతిపూల దండలు వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి కాలనీ అంతా పూజ చేసేవారు. దేవుడికి చేస్తున్నారో మా నాన్నకు చేస్తున్నారో నాకు అప్పట్లో బొత్తిగా తేడా తెలిసేది కాదు, అమ్మకు మాత్రం బాగా తెలిసేదనే నా అనుమానం, ఎందుకంటే హారతి వేళకు ఆవిడ కొత్త చీర కొంగు సర్దుకుంటూ సరిగ్గా ఇంజను పక్కకు వచ్చి నిలబడేది.

అలాంటి మనిషి ఒక సాయంకాలం డ్యూటీ దిగి వచ్చి, కాళ్ళు కడుక్కుని, పీట మీద కూచుని, ఇంక నేను ఇంజను ఎక్కను అన్నాడు. ఒంట్లో బాగాలేదేమోనని అమ్మ నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం ఏమీ లేదు. "ఇన్నేళ్ళు రెండు పట్టాలేసి ఎటెల్లమంటే అటెల్లాను. ఇంకన్నా నాకు నచ్చినకాడ ఆగాల" అన్నాడు. ఆయనకు నచ్చిన చోటు రాయపూరు. వయసులో ఉండగా ఆ లైను మీద ఫైర్‌మన్‌గా తిరిగినప్పుడు, తెల్లవారుజామున పొగమంచులో కనుచూపు మేర వరి చేలు చూశాడట. ఆ పచ్చటి నిద్రలో దిగిపోవాలని అప్పుడే అనిపించిందట. ఎన్నో ఏళ్ళు ఆ కోరికను కడుపులో పెట్టుకుని ఇంజన్లు తోలాడు మా నాన్న. ఇంతకీ ఆయన అనుకున్నది ఏమిటంటే, అక్కడొక ధాన్యం మిల్లు పెట్టడం. ఆవిరి సంగతి తనకు తెలుసు, వడ్ల సంగతి ఆ దేశానికి తెలుసు, ఇంకేం కావాలి అని ఆయన లెక్క.

అమ్మ కొన్నాళ్ళు ఎవరితోనూ మాట్లాడలేదు. చుట్టాలు మాత్రం అమ్మ బదులు కూడా మాట్లాడారు. పూలమ్మిన చోట కట్టెలమ్మడం నామోషీ అని ఊరు మారుస్తున్నాడని ఒకరు, ఏదో తప్పు చేసి ఉంటాడని ఇంకొకరు. నాన్న పై అధికారి మాత్రం మంచివాడు. రాజీనామా వద్దు, మాఘమాసం వచ్చేదాకా జీతం లేని సెలవు కింద పెడతాను, మనసు మారితే తిరిగి వచ్చి నీ బండి నువ్వు ఎక్కు, ఆ తరువాత మాత్రం నా చేతిలో ఉండదు అన్నాడట. ఆ మాట నాన్న విన్నాడో లేదో గాని అమ్మ కొంగున ముడి వేసుకుంది. వాల్తేరు క్వార్టరులో మేము వదిలి వచ్చిన మంచాలనూ బోషాణాన్నీ పొరుగింట్లో పెట్టించింది తప్ప అమ్మనివ్వలేదు.

రాయపూరులో మాకున్న దిక్కు మా మేనమామ ఒక్కడు. అక్కడ రైల్వేలో గుమాస్తాగా ఉండేవాడు. ఆయనే ధమ్తరీ రోడ్డు మీద మూతబడిన ఒక పాత మిల్లు చూసి పెట్టాడు. అప్పటి రాయపూరు అంటే ఇప్పుడు మీరు ఊహించుకునే ఊరు కాదు. స్టేషను, బజారు, చెరువులు, పెంకుటిళ్ళు, అంతే. అవి దాటితే ఊరు ఎక్కడ అయిపోయి పొలాలు ఎక్కడ మొదలయ్యాయో తెలిసేది కాదు. మా మిల్లు సరిగ్గా ఆ తెలియని చోట ఉండేది. ఒక పక్క రేకుల షెడ్డు, దాని నడుమ తుప్పు పట్టిన బాయిలరు, దాని వెనక రెండు గదుల ఇల్లు, ఇంటి వెనక ఊక గుట్ట. ఎదురుగా, రోడ్డుకు ఆనుకుని, ధమ్తరీ వెళ్ళే చిన్న రైలు పట్టాలు. ఆ రైలును చూసి అమ్మ మొదటిసారి నవ్వింది. సంక్రాంతి బొమ్మలకొలువు నుంచి లేచి వచ్చినట్టు ఉండేది. ఎద్దుబండి కంటే కాస్త ముందు, సైకిలు కంటే కాస్త వెనక అన్నట్టు ఊగుతూ పోయేది. దాని డ్రైవరుకి మా నాన్న ఎవరో ఎలా తెలిసిందో, మా గేటు ముందు నుంచి పోయేటప్పుడల్లా చెయ్యెత్తి సలాము చేసేవాడు, నాన్న కూడా తలాడించి ఊరుకునేవాడు.

ఆ మిల్లులో గడిపిన రోజులు నాకు ఇప్పుడు తలుచుకుంటే నిజంగా జరిగాయో, నేను నిద్రలో చూశానో తెలియదు. పొద్దున్నే రేకుల సందుల్లోంచి ఎండ పడితే, ఆ ఎండలో తవుడు ధూళి బంగారంలా తేలుతూ ఉండేది. ఊక మంటకు ఒక వాసన ఉంది, అది బొగ్గు వాసనలాగా గొంతు పట్టుకోదు, మెల్లగా ఒళ్ళంతా పట్టి నిద్ర పుచ్చుతుంది. నేను ఊక గుట్ట మీద పడుకుని మేఘాలు చూస్తూ ఉండేదాన్ని, వెచ్చగా ఉండేది, కింద భూమి ఊగుతున్నట్టు ఉండేది. బాయిలరు అడుగున దడదడ, బెల్టు తిరిగే చప్పుడు, దూరంగా ఎవరో పాడుకుంటున్న ఏదో పాట, అన్నీ కలిసి ఒకే చప్పుడై, ఆ చప్పుడు నాలోనే పుడుతున్నట్టు ఉండేది. లేచేసరికి జుట్టు నిండా ఊక. అమ్మ తిట్టేది, మిల్లులో బియ్యం చెరిగే ముసలమ్మ దువ్వేది.

ఆ ముసలమ్మను అందరూ దాయి అనేవారు, నేనూ దాయి అనేదాన్ని. వాళ్ళ భాషలో ముసలివాళ్ళను పిలిచే మాట అది. నన్ను నోనీ అనేది, అంటే అమ్మాయీ అని. ఆవిడకు తెలుగు రాదు, నాకు ఛత్తీస్‌గఢీ రాదు, మా ఇద్దరికీ దానివల్ల ఒక్కనాడు కూడా ఇబ్బంది కలగలేదు. ఆవిడకు ఇల్లూ వాకిలీ లేవు, మిల్లు షెడ్డులోనే ఒక మూల వండుకుని తినేది. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి పొద్దున్న ఉల్లిపాయతో తింటుంటే అమ్మ చూసి, ఇదేమిటి, మా శ్రీకాకుళం చద్దన్నం ఇక్కడికి ఎలా వచ్చిందని ఆశ్చర్యపోయి, ఆనాటి నుంచీ ఆవిడతో ఆవకాయ ముక్క పంచుకునేది.

నాన్న ఆ పాత బాయిలరును చేతులతో విప్పి, తోమి, అతుకులు వేసి, ఇత్తడి భాగాలన్నీ అద్దాల్లా మెరిపించి, రెండు నెలల్లో ప్రాణం పోశాడు. అంతవరకు ఎవరూ వంక పెట్టలేరు. చిక్కు తరువాత వచ్చింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం మా నాన్న, ఆ మిల్లును మెయిలులాగా నడిపించాడు. తెల్లవారగానే కూత. మధ్యాహ్నం ఆపడానికి కూత. మళ్ళీ మొదలెట్టడానికి కూత. కూత వేళకు బండి రాకపోతే గేటు మూసేవాడు. అభన్‌పూర్ నుంచో ఆరంగ్ నుంచో రాత్రంతా ఎద్దులను తోలుకుంటూ వచ్చిన రైతు, దారిలో ఎద్దుకు నీళ్ళు పెట్టి, తాను ఒక చుట్ట కాల్చుకుని, కాస్త ఆలస్యంగా వస్తే, అతని ధాన్యం మరునాటి దాకా రోడ్డు మీదే. ఆ ఎండలో కూడా నాన్న నల్లకోటు వేసుకుని గేటు దగ్గర నిలబడేవాడు. జనం ఆయన్ను డరేవర్ సాహెబ్ అనేవారు. అది గౌరవమో వేళాకోళమో నాన్న ఎప్పుడూ పట్టించుకోలేదు.

శ్రావణానికి ముందు వచ్చే అమావాస్యకు అక్కడ హరేలీ అని పండగ. ఆనాడు రైతులు నాగళ్ళు, పారలు, గునపాలు అన్నీ కడిగి, ముగ్గు మీద పేర్చి, పిండి అట్లు నైవేద్యం పెట్టి, వాటికి విశ్రాంతి ఇస్తారు. ఇంటింటి గుమ్మానికి వేపమండలు కడతారు. ఆ రోజు పనిముట్టును ముట్టుకుని పని చేయించడమంటే, పురిటి మంచం మీద ఉన్న మనిషిని లేపి పిండి రుబ్బమన్నంత పాపమని వాళ్ళ నమ్మకం. పనివాళ్ళు ముందు రోజే వచ్చి, రేపు రామని చెప్పారు. నాన్నకు అర్థం కాలేదని కాదు, అర్థమైంది. పనిముట్ల పండగ అంటే ఆయన లెక్కలో దసరా, అది ఎటూ వస్తుంది, చేస్తాం. పండగలకు బండ్లు ఆగితే దేశం నడుస్తుందా, దీపావళినాడు నేను మెయిలు తోలలేదా అని ఆయన వాదన. దాయి కూడా వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. నాన్న వినలేదు. మామయ్యను వెంటబెట్టుకుని తానే బాయిలరు రాజేసి, తెల్లవారగానే కూత వేశాడు. వాన తెరిపి ఇచ్చిన ఆ పొద్దున, ఊరంతా పడుకున్న పసిబిడ్డలా ఉన్న ఆ వేళ, ఆ కూత పొలాల మీదుగా ఎంత దూరం పోయిందో. నేను దుప్పటి ముసుగులో ఉండి కూడా చెవులు మూసుకున్నాను.

ఎవరూ వచ్చి గొడవ పెట్టలేదు. పెడితే బాగుండేది. మరునాడు పనివాళ్ళు రాలేదు, ఆ మరునాడూ రాలేదు. వానాకాలం కదా, నాట్లు కదా అని నాన్న సర్దిచెప్పుకున్నాడు. ఆ నాలుగు నెలలూ మిల్లు మీద వాన పడుతూనే ఉంది. ఊక గుట్ట తడిసి నల్లబడింది. దాయి ఒక్కతె మాతో మిగిలింది. కార్తీకం వచ్చింది, కోతలు అయ్యాయి, కొత్త వడ్ల వాసన గాలిలో తేలుతూ వచ్చింది. అప్పుడు తెలిసింది మాకు. తెల్లవారుజామున ఎద్దుల మెడల గంటలు దూరం నుంచి వినిపించేవి, దగ్గరయ్యేవి, నాన్న కోటు తొడుక్కుని గేటు దగ్గరకు వెళ్ళేవాడు, గంటలు గేటు ముందుకు వచ్చేవి, ఆగకుండా సాగిపోయేవి. బండి వెనక బండి, బండి వెనక బండి, అన్నీ ఊరి అవతలి మిల్లుకి. ఒక్క బండివాడూ తల తిప్పి చూసేవాడు కాదు. నాన్న కూత వేసేవాడు. ఇంకా బారుగా వేసేవాడు. ఆ మంచులో గంటలు పోతూ ఉండేవి. ప్రపంచంలో ఇంత అందమైన చప్పుడుకి మనిషి ఏడవవచ్చునని నాకు అప్పుడే తెలిసింది. ఎందుకంటే అమ్మ వంటింట్లో ఏడుస్తూ ఉండేది.

మామయ్య చాలాసార్లు చెప్పి చూశాడు. ఆయనకు ఆ దేశం అలవాటే, మాట కూడా సగం అక్కడిదే. "బావా, ఇక్కడి మనుషులు సీదాసాదా. గుస్సా వస్తే లడాయి చెయ్యరు, చుప్‌చాప్ రావడం మానేస్తారు, అంతే. మీరే ఒకసారి దావూగారింటికెళ్ళి అడగండి. అడగందే అమ్మయినా పెట్టదు" అనేవాడు. దావూ అంటే ఆ పక్క పల్లెకు పెద్ద రైతు. చుట్టుపక్కల బండ్లన్నీ ఆయన బండి ఎటు తిరిగితే అటు తిరిగేవి. నాన్నది ఒకటే జవాబు. "నానెవుడి గుమ్మవూ తొక్కను. అవుటరు కాడ బండాగిపోతే డ్రైవరు ఈల ఏస్తాడు గానీ, దిగెల్లి సిగ్నలోడి కాళ్ళు పట్టుకోడు." అది అహంకారమని అమ్మ అనేది. నాకైతే భయమేమో అనిపిస్తుంది ఇప్పుడు. పుట్టినప్పటి నుంచీ తన కష్టంతో తాను మెట్టు తరువాత మెట్టు ఎక్కినవాడు, ఒకరిని ఒక మాట అడిగి ఎరగడు. అడిగితే లేదంటారేమోననే భయం ఎలా ఉంటుందో, అది ఎలా భరించాలో ఆయనకు ఎవరూ నేర్పలేదు.

పుష్యమాసం వచ్చింది. మాఘం వస్తే సెలవు గడువు అయిపోతుంది. అమ్మ ఇత్తడి సామాను గోనెల్లో కట్టడం మొదలుపెట్టింది. వద్దని నాన్న అనలేదు. బాయిలరు ఇత్తడి మాసిపోతున్నా ఆయన తోమలేదు. మేము వాల్తేరు వెళ్ళిపోతామని, మళ్ళీ ఆయన మెయిలు ఎక్కుతాడని, అయినా ఇదివరకటి మనిషిగా మాత్రం ఎక్కలేడని, ఆ వయసులో కూడా నాకు తెలిసిపోయింది.

పుష్య పౌర్ణమినాడు పొద్దున్నే దాయి తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చి, చల్ నోనీ అని నా చేతికి ఒక గుడ్డసంచి ఇచ్చింది. ఆనాడు అక్కడ ఛేర్‌ఛేరా. కొత్త ధాన్యం గాదెల్లో పడ్డాక, పిల్లా పెద్దా, ఉన్నవాడూ లేనివాడూ, అందరూ ఇంటింటికీ వెళ్ళి గుమ్మం ముందు నిలబడి ఛేర్‌ఛేరా అని కేకవేసి వడ్లు అడుగుతారు. ఇంట్లోవాళ్ళు దోసిలి నింపి పోస్తారు. మళ్ళీ వాళ్ళూ సంచి పట్టుకుని బయల్దేరతారు. ఇదంతా నాకు తెలియదు. మంచులో, పచ్చి గడ్డి మీద, దాయి చెయ్యి పట్టుకుని, ఎవరో తెలియని పిల్లల వెనక నేనూ కేకలు వేస్తూ తిరిగాను. ఎవరి గుమ్మమైనా నాకోసమే తెరిచినట్టు ఉంది. వడ్లు సంచిలో పడుతుంటే సన్నని వాన చప్పుడు.

తిరిగి వచ్చేసరికి అమ్మ వాకిట్లో ఉంది. నా చేతిలో సంచి చూసి మొహం పాలిపోయింది. "ఏటే ఇది? మెయిలు డ్రైవరు కూతురు ముష్టెత్తుతాదా?" అని చెయ్యెత్తింది. దాయికి మాట తెలియకపోయినా చెయ్యి తెలిసింది. నా ముందుకు వచ్చి నిలబడి, మెత్తగానే, "ఆజ్ తో రాజా ఘలో మాంగ్‌థే" అంది. ఇవాళ రాజు కూడా అడుగుతాడని. లోపలి నుంచి నాన్న వచ్చాడు. ఎవరెవరు పోశారు అని అడిగాడు నన్ను. చెప్పాను. దావూగారింట్లో ఎవరు పోశారు అన్నాడు. దావూగారే, ఎవరి పాపవని అడిగారు, మిల్లు వాళ్ళ పాపనంటే ఇంకో దోసెడు పోశారు అన్నాను. నాన్న సంచిలో చెయ్యి పెట్టి గుప్పెడు వడ్లు తీసి, అరచేతిలో పరుచుకుని, ఒక గింజ పంటి కింద కొరికి చూశాడు. మా మిల్లు గడప లోపలికి కార్తీకం నుంచీ వచ్చిన ధాన్యం అదే మొదలు.

ఆయన లోపలికి వెళ్ళాడు. తిరిగి వచ్చినప్పుడు ఒంటి మీద నల్లకోటు లేదు. చొక్కా, పంచె, భుజాన తుండుగుడ్డ. నా చెయ్యి పట్టుకుని, పద, అన్నాడు.

దావూగారి ఇంటి ముందు చాలామంది ఉన్నారు. ఆయన పాలేళ్ళు ఉన్నారు, బడి పంతులు ఉన్నాడు, చంకలో బిడ్డతో ఒక కోడలు ఉంది. నాన్నను చూసి ఎవరూ పక్కకు జరగలేదు, ఎవరూ లేచి నిలబడలేదు. ఆయన అందరి వెనక, అందరిలో ఒకడిగా నిలబడ్డాడు. మా వంతు వచ్చింది. తుండుగుడ్డ విప్పి రెండు చేతుల మీదా పరిచాడు. ఇంజను హోరును మించి అరిచి మాట్లాడడం అలవాటైన గొంతు ఆయనది. ఆ గొంతులోంచి మాట రాలేదు. ఆయన ఇప్పుడు వెనక్కి తిరిగితే ఇక ఎప్పటికీ తిరిగినట్టేనని నాకు ఎలా తెలిసిందో, ఆయన పంచె అంచు పట్టుకుని నిలబడ్డాను. చివరికి వచ్చింది. కూతలా కాదు, దగ్గు వచ్చినట్టు, మా శ్రీకాకుళం యాసలో, "సేర్‌సేరా" అని. పక్కన పిల్లలు కిసుక్కున నవ్వారు.

దావూ బయటికి వచ్చాడు. తెల్ల మీసాలు, పొట్టి మనిషి. నాన్నను తల ఎత్తి చూడాల్సి వచ్చింది. నాన్న ఏదో చెప్పబోయాడు, హరేలీ అన్న మాట వరకు వచ్చాడు. దావూ చెయ్యి ఊపి ఆపేశాడు. "ఆజ్ మాంగే కే దిన్ ఆయ్, డరేవర్ సాహెబ్" అన్నాడు, ఇవాళ అడిగే రోజు, అంతే అని. లోపలికి వెళ్ళి చేట నిండా వడ్లు తెచ్చి తుండుగుడ్డలో పోశాడు. ఇంటికి వచ్చే దారిలో నాన్న ఒకచోట ఆగి, మూట పొలం గట్టు మీద పెట్టి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ ఎత్తుకున్నాడు.

ఆ సాయంకాలం చలి ముదురుతుండగా మా గేటు దగ్గర ఎవరో ఛేర్‌ఛేరా అన్నారు. చూస్తే దావూ. భుజాన సంచి వేసుకుని, ఒంటరిగా. ఆయన గాదెల్లో ఎంత ధాన్యముందో ఆ జిల్లాకంతా తెలుసు, అయినా మా గడప ముందు నిలబడి మమ్మల్ని అడుగుతున్నాడు. అమ్మ కంగారుగా నాన్న వైపు చూసింది. నా సంచిలోవి దాయి తీసుకుంది, ఇంక ఇంట్లో ఉన్న వడ్లల్లా ఆ మూటే. నాన్న మూట వైపు చూపించాడు. అమ్మ చేట తెచ్చి, మూట విప్పి, ఒక్క గింజ మిగల్చకుండా చేటలో పోసి, తల మీద కొంగు కప్పుకుని, రెండు చేతులతో ఆయన సంచిలో ఒంపింది. దావూ సంచి కళ్ళకద్దుకుని వెళ్ళిపోయాడు. నేనిచ్చినవే నాకు పోస్తున్నారే అని ఆయన అనుకోలేదు, ఆయనవే ఆయనకు పోశామే అని మేమూ అనుకోలేదు. మరునాడు పొద్దున్న లేచేసరికి అమ్మ ఇత్తడి బిందెలు గోనెల్లోంచి తీసి తోముతూ ఉంది.

బండ్లు వెంటనే రాలేదు. కొన్నాళ్ళకు ఒక తెల్లవారుజామున గంటలు వినిపించాయి, దగ్గరయ్యాయి, మా గేటు ముందు ఆగిపోయాయి. ఆ ఆగిపోవడం ఎంత పెద్ద చప్పుడో చెప్పలేను. నాన్న కూత వెయ్యలేదు. ఎదురు వెళ్ళి, దావూగారి ఎద్దుల పగ్గం పట్టుకుని, తానే లోపలికి నడిపించుకుని వచ్చాడు. మళ్ళీ ఇంజను ఎక్కనని చెప్పి రమ్మని మామయ్యను వాల్తేరు పంపాడు. ఆ తరువాత మా మిల్లు పెద్ద మిల్లేమీ కాలేదు. మా బతుకు మాకు ఇచ్చింది, అంతే. మరుసటి హరేలీకి నాన్న స్పానర్లు, సుత్తులు, నూనె డబ్బా అన్నీ కడిగి, బల్ల మీద పేర్చి, బొట్లు పెట్టాడు. దాయి అట్లు పోసింది. గేటుకు వేపమండలు కట్టాం. బాయిలరు చల్లగా ఉంది, షెడ్డులో చప్పుడు లేదు, వాన మాత్రం రేకుల మీద సన్నగా పడుతూ ఉంది. నాన్న అరుగు మీద కూచుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, పొలాలు చూస్తూ ఉన్నాడు. నచ్చిన చోట ఆగాలన్నాడే, ఆ ఆగడం ఆనాడు చూశాను నేను.

నా పెళ్ళి అక్కడి నుంచే జరిగింది. తరువాత అమ్మ పోయింది, దాయి పోయింది. నాన్న మాత్రం ప్రతి ఏడూ ఆ పున్నమికి తుండుగుడ్డ తీసుకుని మొదట దావూగారి గుమ్మానికే వెళ్ళేవాడట. దావూ పోయాక కొడుకుల గుమ్మానికి వెళ్ళేవాడు. వాళ్ళు పట్నం మధ్యలోకి మారిపోయిన ఏడు కూడా వెళ్ళి, మూసిన తలుపు ముందు నిలబడి, ఒకసారి పిలిచి వచ్చాడని మామయ్య చెప్పాడు. బాయిలరు పాత ఇనుము కింద పోయింది. ఇప్పుడు ఆ చోట టైల్సు దుకాణాలు, కార్ల దుకాణాలు, వాటి మీద పెద్ద ఎత్తు వంతెన. నేను చూడలేదు, మామయ్య మనవడు ఫోనులో చూపించాడు. చూసి, సరే అన్నాను.

ఇప్పుడు నేనుండే ఈ భవనంలో ఎన్నో గుమ్మాలు. ఉప్పు నిండుకుంటే గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్ళే అవసరం ఎవరికీ లేదు, ఫోను మీద వేలు పెడితే ఎవరో కుర్రాడు తెచ్చి తలుపు ముందు పెట్టి, మొహం కూడా చూడకుండా పోతాడు. దానాలూ తగ్గలేదు, జనం ఇదివరకటి కంటే ఎక్కువే ఇస్తున్నారు. అడగడమే ఎవరికీ చేతకావడం లేదు. మొన్న జాకెట్టుకు హుక్కు ఊడితే, సూదిలో దారం ఎక్కించలేక, ఎదురింటి కోడలు పిల్లను అడుగుదామని వెళ్ళాను. తలుపు దాకా వెళ్ళి, బెల్లు దాకా వేలు ఎత్తి, పాపం ఏ పనిలో ఉందో, ఏమనుకుంటుందో అని తిరిగి వచ్చేసి, జాకెట్టు మడిచి బీరువాలో పెట్టేశాను. అడగడానికి నాన్నకు ఏడాదికి ఒక్క పున్నమైనా ఉండేది.